బొట్టు పెట్టిన డాలర్లు

వీపు మీద సంచీ వేసుకుని నాలుగు నెలల్లో నాలుగు దేశాలు తిరిగొచ్చినవాడని మా వైపు నాకో పేరుంది. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు పక్కన చేరి, అంత తక్కువ డబ్బుతో అన్ని రోజులు ఎలా నెగ్గుకొచ్చావయ్యా అని అడుగుతారు. నేను గొప్పగా మొదలుపెడతాను. డబ్బంతా ఒకేచోట పెట్టకూడదంటాను. హోటల్ గదిలో వదిలి స్నానానికి పోకూడదంటాను. ఊరు మారే ముందు ఆ దేశం నోట్లు ఖర్చుపెట్టెయ్యాలి, లేకపోతే పక్క దేశంలో అవి చిత్తుకాగితాలు అంటాను. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం అలా అడిగినవాళ్ళెవరికీ చెప్పలేదు. నేను తిరిగింది నా డబ్బుతో కాదు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు నన్ను చూడకముందే అన్నారు, అంతే తేడా.

2003 నాటి మాట. గుంటూరులో ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో నేనూ, నా స్నేహితుడొకడూ ట్యూటర్లం. నేను కెమిస్ట్రీ, వాడు ఫిజిక్స్. ఇద్దరికీ ఒకటే గది. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా పిల్లల్ని రుబ్బడం, వాళ్ళ తల్లిదండ్రుల చేత తిట్లు తినడం, నెల తిరిగితే ఆరున్నర వేలు. మాది నరసరావుపేట దాటాక ఒక పల్లెటూరు. మిరప, పత్తి వేసే ఇల్లు. వాడిది మార్టూరు. వాడి నాన్న అక్కడ గ్రానైట్ రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లో మిషన్ మీద పనిచేసేవాడు. క్రైస్తవులు. మా ఊరి భాషలో చెప్పాలంటే, ఊరవతల దళితవాడలో ఉండే ‘పల్లె’వాళ్ళు. మా ఊళ్ళో ఆ మాట అన్నాక ఇంకేమీ చెప్పనక్కర్లేదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో అందరికీ తెలిసిపోతుంది.

ప్రయాణం ఆలోచన వాడిదే. విజయవాడలో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాతిక రూపాయలకి ఒక గైడ్ పుస్తకం కొనుక్కొచ్చాడు. థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా. ఎవడో తెల్లవాడు తిరిగి తిరిగి పారేసిన పుస్తకం, అట్ట కూడా లేదు. రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక వాడు చదివేవాడు, నేను వినేవాణ్ణి. అంగ్‌కోర్ గుళ్ళ బొమ్మ చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళు కూడబెట్టాం. సినిమాలు మానేశాం, ఆదివారం బిర్యానీ కూడా మానేశాం. మద్రాసు నుంచి బ్యాంకాక్‌కి రానూపోనూ టిక్కెట్లు, వీసాలు పోగా తలా తొమ్మిది వందల డాలర్లు మిగిలాయి. విజయవాడలో డబ్బు మార్చేవాడి దగ్గర అన్నీ వంద డాలర్ల నోట్లే తీసుకున్నాం, తలా తొమ్మిది. మడత పడని కొత్త నోట్లు.

వాడి లెక్క మొదటి రోజు నుంచీ ఒకటే. అయిదు నోట్లు ఖర్చు, నాలుగు నోట్లు వెనక్కి. వాడి చెల్లెలు ఆ ఏడాది ఇంటర్ పరీక్షలు రాస్తోంది. ఒక మిషన్ ఆస్పత్రి వాళ్ళ నర్సింగ్ స్కూల్లో సీటు ఇస్తామన్నారు. జూన్ పదో తారీఖులోగా పద్దెనిమిది వేలు కట్టాలి. నాలుగు నోట్లు మారిస్తే ఆ పద్దెనిమిది వేలు వస్తాయి, పైన బట్టలకి ఇంకో ఎనిమిది వందలు. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. ‘అది నర్సయితే మా నాన్న రాయి పట్టడం మానేస్తాడ్రా’ అనేవాడు. ఈ మాట నాకు కనీసం యాభైసార్లు చెప్పుంటాడు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ దారి కూడా లేదు.

బయల్దేరే ముందురోజు వాణ్ణి మా ఊరు తీసుకెళ్ళాను. డబ్బు నేనే మొయ్యాలని ఇద్దరం అనుకున్నాం. కారణం ఉంది. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో కాయలు అమ్మినప్పుడు డబ్బు ఇంటికి తేవడానికి ఒక గుడ్డ పట్టీ ఉండేది. మా ఊరి టైలర్ కుట్టిందే, మందపాటి ఖాకీ గుడ్డ, రెండు జేబులు, లోపలి బనీను కింద నడుముకి కట్టుకుంటే పైకి ఏమీ తెలియదు. డిగ్రీ చదివే రోజుల్లో అది కట్టుకుని బస్సులో నిలబడి వచ్చిన అలవాటు నాకు ఉంది. ‘నువ్వైతే నిద్రలో కూడా చెయ్యి దాని మీదే వేసి పడుకుంటావ్’ అని వాడే అన్నాడు. ఎడమ జేబు నాది, కుడి జేబు వాడిది.

మా అమ్మకి ఒక పద్ధతి ఉంది. ఇంట్లోకి కొత్తది ఏది వచ్చినా దేవుడి దగ్గర పెట్టి, తడి పసుపు నాలుగు మూలలా రాసి, కుంకుమ బొట్టు పెట్టాలి. బండికి పెడుతుంది, బ్యాంకు పాస్‌బుక్కుకి పెడుతుంది, నా డిగ్రీ మార్కుల లిస్టుకి కూడా పెట్టింది. కాయలు అమ్మిన డబ్బైతే కట్ట మీద పై నోటుకి మాత్రం పెట్టేది. ఈసారి సముద్రాలు దాటే డబ్బు, ఒక్కో నోటూ నాలుగు టిక్కీల మిరపకాయల ఖరీదు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల గోతాం బస్తా. అందుకని తొమ్మిది నోట్లూ పీట మీద పరిచి దేనికది విడిగా నాలుగు మూలలా పసుపు రాసి, నడిమధ్యన, నోటు మీద బొమ్మలో ఉన్న తెల్లాయన నుదుటి మీద, బొట్టు పెట్టింది. నేను నవ్వుతూ చూస్తున్నాను. నవ్వడం ఎంత తేలికో!

వాడు వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాడికి టీ ప్లాస్టిక్ గ్లాసులో వచ్చింది, ఫంక్షన్లలో వాడి పారేసేది. మా వంటింట్లో స్టీలు గ్లాసులు రెండు అరల నిండా ఉంటాయి. నేను చూశాను, వాడూ చూశాడు. వాడి కవరు తీసుకుని, ఇవి కూడా పెట్టమ్మా అని అమ్మకి ఇవ్వబోయాను. అమ్మ చెయ్యి చాపలేదు.

‘ఆ అబ్బాయివి వాళ్ళ దేవుడు చూసుకుంటాళ్ళే నాయనా’ అంది.

కోపంగా అనలేదు. మెత్తగా, వాడికి మేలు చేస్తున్నట్టే అంది. వసారాలోకి వినపడింది. వాడు లేచి వచ్చి నా చేతిలో కవరు తీసుకుని, ‘పర్లేదండీ’ అన్నాడు. నేను అమ్మని ఒక్క మాట అనలేదు. ప్రయాణం ముందు ఇంట్లో గొడవెందుకులే అనుకున్నాను. ఇలాంటి చోట్ల నోరు మూసుకోవడానికి మాకు ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది.

బ్యాంకాక్‌లో మొదటి రోజే తెలిసింది. డబ్బు మార్చే అద్దాల గదిలో ఒక అమ్మాయి నా నోటు తీసుకుని, పసుపు మూలలు చూసి, బొట్టు చూసి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని వెనక్కి తోసింది. ఇంకోటి ఇచ్చాను. అదీ తోసింది. పూజ, దేవుడు, అమ్మ అని వచ్చిన ఇంగ్లీషంతా గుమ్మరించాను. నా వెనక క్యూ పెరుగుతోంది. చివరికి వాడే అన్నాడు, ‘నాది ఒకటి తియ్యరా, తర్వాత చూసుకుందాం’ అని. కుడి జేబులోంచి ఒకటి తీశాను. ఆ అమ్మాయి నోటు వెలుతురుకి పట్టి చూసి, వాళ్ళ దేశం డబ్బు, బాట్లు, లెక్కపెట్టి ఇచ్చేసింది. మా అమ్మ ముట్టుకోనన్న నోటు.

లావోస్‌లోకి వెళ్ళాక ఒక బ్యాంకుకి వెళ్ళాం. వాళ్ళూ తీసుకోలేదు. ఆ రోజు గెస్ట్‌హౌస్ బాత్‌రూమ్‌లో నేనొక ఘనకార్యం చేశాను. ఒక నోటు మూలకి సబ్బు రాసి రుద్దాను. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మా ఊళ్ళో బట్టలుతికే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ప్రయోగం పేరుతో ఆ ముక్కనే నేను రెండేళ్ళు క్లాసులో చెప్పాను, పసుపు కాగితం తడిపి సబ్బునీళ్ళలో ముంచి పిల్లలకి చూపించాను కూడా. ఎదుటివాడికి చెప్పేటందుకే చదువులు. మూల ఎర్రగా, నెత్తురు పూసినట్టు అయింది. రుద్దిన చోట కాగితం నూగు లేచింది. బయటికి తెచ్చి వాడికి చూపిస్తే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ‘కెమిస్ట్రీ సారు!’ అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ రోజు దాకా మా మధ్య ఏ కల్మషమూ లేదు, అది మాత్రం నిజం.

ఎండకి పసుపు వెలుస్తుంది కదా అని మిగిలిన ఎనిమిదీ బాల్కనీలో ఎండబెట్టాం. కళ్ళంలో కాయలు ఎండబెట్టినట్టు మధ్యమధ్యలో తిరగేస్తూ ఇద్దరం రెండు రోజులు కాపలా కూర్చున్నాం. పసుపు చాలావరకు పోయింది. కుంకుమ మాత్రం పోలేదు. బజారులో దొరికే రంగు కుంకుమ, అది కాగితంలోకి దిగిపోయింది.

అక్కణ్ణించి వాడి నోట్ల మీదే బండి నడిచింది. ఇద్దరికీ కలిపి రోజుకి ఏడెనిమిది డాలర్లు. డబ్బు మార్చడానికి ఎప్పుడూ నేనే వెళ్ళేవాణ్ణి, సంచులు చూస్తూ వాడు బయట కూర్చునేవాడు. మొదట్లో ప్రతిచోటా ముందు నా నోటే ఇచ్చి, వాళ్ళు కాదన్నాకే వాడిది తీసేవాణ్ణి. రెండో నెల వచ్చేసరికి నాది చూపించడం మానేశాను. ఎలాగూ తీసుకోరుగా, వాదించి పరువు తీసుకోవడం దేనికి అనుకున్నాను. చెయ్యి తిన్నగా కుడి జేబులోకే వెళ్ళేది. పదిహేను రోజులకోసారి బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. మా ఊళ్ళో మిరపకోతలు జరుగుతుండేవి, కూలీలు దొరకట్లేదని నాన్న గోల. అమ్మ ఒక్కటే అడిగేది, డబ్బు జాగ్రత్తగా ఉందా అని. ఉందమ్మా అనేవాణ్ణి. నా బొట్టు ఉన్నంతకాలం దాన్నెవరూ ముట్టుకోరు అనేది. అక్షరాలా నిజం, ఎవరూ ముట్టుకోలేదు.

వియత్నాం మీదుగా కంబోడియా చేరేసరికి వాడి నోట్లు అయిదు అయిపోయాయి. ఆ సంగతి నేను చెప్పక్కర్లేకుండా వాడికే తెలుసు. నాంపెన్‌లో పెద్ద బజారు దగ్గర దిగాక, ‘ఇంక నాలుగున్నాయి. అవి ముట్టుకోవద్దు’ అన్నాడు. బ్యాంకాక్ వెళ్ళి టిక్కెట్ తేదీ ముందుకి జరుపుకుని ఇంటికి పోదామన్నాడు. ఆ బజారులో బంగారం కొట్లవాళ్ళు డబ్బు కూడా మారుస్తారు. ఒకసారి అడిగొస్తానని వాణ్ణి మెట్ల మీద సంచుల దగ్గర కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను.

అద్దాల బల్ల వెనక ఒక పెద్దావిడ ఉంది. నా నోటు తీసుకుంది. గోరుతో బొట్టుని గీకింది. నగలు చూసే భూతద్దం కంట్లో పెట్టుకుని చూసింది. ఆవిడ కాలిక్యులేటర్ మీద ఎనభై కొట్టి నా వైపు తిప్పింది. వందకి ఎనభై. తొంభై అయిదు అన్నాను. ఆవిడ మళ్ళీ ఎనభై చూపించింది. తొంభై అన్నాను. ఆవిడ ఎనభై మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. యార్డులో దళారి బస్తా విప్పి, పిడికెడు కాయలు తీసి, ఇందులో తాలుంది, తేమ ఉంది అని తరుగు తీస్తానంటే మా నాన్నకి ఒళ్ళు మండేది. రంగు పోయి తెల్లబడ్డ కాయని మేం తాలు అంటాం. తరుగుకి ఒప్పుకోవడం ఆయనకి చావుతో సమానం. ఇవ్వను పో అని కాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టేసి, రేటు వచ్చేదాకా అప్పుకి వడ్డీ కట్టుకుంటూ కూర్చునేవాడు. ఆ వడ్డీ తరుగు కన్నా ఎక్కువైన ఏళ్ళు ఉన్నాయి. అయినా మా ఇంట్లో అది పౌరుషం కింద లెక్క. ఆ పెద్దావిడ ఎనభై మీద వేలు పెట్టినప్పుడు నాకు అచ్చంగా అదే మంట వచ్చింది. నోటుకి ఇరవై తరుగా! నా నోటులో తాలు ఉందా? ఇండియా తీసుకెళ్తే నిండు వంద ఇచ్చే బ్యాంకులున్నాయి. ఎందుకు పోగొట్టుకోవాలి? పక్క జేబులో తరుగు లేని నోట్లు నాలుగున్నాయి కదా.

నాలుగు నోట్లు మార్చుకుంటే నాకు పోయేది ఎనభై డాలర్లు. వాడి నాలుగు నోట్లూ నిలిచేవి. ఇంతే లెక్క. కాలేజీలో పిల్లలకి ఇంతకన్నా కష్టమైన లెక్కలు నిద్రలో చెప్పేవాణ్ణి.

నోటు వెనక్కి తీసుకుని బయటికి వచ్చాను. వాడు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

‘తీసుకోవట్లేదురా’ అన్నాను.

వాడు నన్ను చూశాడు. కాసేపు కొట్టు వైపు చూశాడు. ‘సరే’ అన్నాడు.

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో నేను నోరు కొంచెం కాదు, చాలా వాడాను. అంగ్‌కోర్ ఇక్కణ్ణించి ఒక్కరోజు ప్రయాణం, ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే జీవితంలో మళ్ళీ రాగలమా అన్నాను. నా తొమ్మిది నోట్లు ఎక్కడికీ పోవు, ఊళ్ళో దిగిన వారంలోపు వాటిల్లోంచి నీకు రావలసింది నీ చేతిలో పెడతాను, ఎవరి జేబులోంచి ముందు తీశామన్నదే కదా తేడా అన్నాను. జూన్‌కి ఇంకా ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. వాడు మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

‘నీ మాట మీద తియ్యి’ అన్నాడు చివరికి.

అంగ్‌కోర్ చూశాను. మూడు రోజుల టిక్కెట్ నలభై డాలర్లు, ఒక్కరోజుదైతే ఇరవై. నేను మూడు రోజులది తీసుకున్నాను. వాడు ఒక్కరోజుదే చాలన్నాడు. మిగిలిన రెండు రోజులూ గదిలో ఉండి ఇద్దరి బట్టలూ ఉతికాడు. నేను అద్దె సైకిల్ మీద గుళ్ళన్నీ తిరిగి, సాయంత్రం వచ్చి ఏమేం చూశానో వర్ణించి చెప్పాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ రెండు రోజులూ దారిలో బిచ్చగాళ్ళకి కూడా వేశాను. ఛీ, రాస్తుంటే నాకే అసహ్యం వేస్తోంది. ఆ తర్వాత ఇంటికి పోదామన్న మాట వాడు మళ్ళీ ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు. సముద్రం ఒడ్డున కొన్నాళ్ళు, మళ్ళీ థాయ్‌లాండ్‌లో కొన్నాళ్ళు గడిపి, టిక్కెట్ మీద ఉన్న తేదీకి మే నెలలో మద్రాసులో దిగాం. అప్పటికి కుడి జేబు ఖాళీ. వాడివి తొమ్మిదీ ఇద్దరం తిన్నాం. అంటే సగం, నాలుగు వందల యాభై, నేను వాడికి ఇవ్వాలి.

ఇంటికొచ్చి పట్టీ విప్పి ఎడమ జేబులోంచి నోట్లు తీస్తే మా అమ్మ కళ్ళు మెరిశాయి. తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ వెళ్ళి చెప్పింది, నాలుగు దేశాలు తిరిగి మావాడు ఒక్క నోటూ చెదరకుండా తెచ్చాడు, నేను పెట్టిన బొట్టు మహిమ అని. వాళ్ళంతా వచ్చి నోట్లు చూసి కళ్ళకద్దుకున్నారు. మరి తిండి ఎలా తిన్నావని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నాన్నకి మాత్రం చెప్పాను. ఇందులో సగం వాడిది నాన్నా, వాడి చెల్లెలి ఫీజు కట్టాలి, పదో తారీఖు ఆఖరు అని వివరంగానే చెప్పాను. ఆ ఏడాది కాయల రేటు పడిపోయింది. నలభై టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. పురుగుమందుల కొట్టువాడు రోజూ మనిషిని పంపుతున్నాడు. నాన్న విజయవాడ వెళ్ళి నోట్లు మార్చాడు. సబ్బు రాసిన నోటుకి వాళ్ళు ముప్పై రూపాయలు తగ్గించారని ఇంటికొచ్చి తిట్టాడు. ఆ డబ్బంతా తీసుకెళ్ళి పురుగుమందుల కొట్లో కట్టేశాడు.

‘ఇస్తాంలేరా, ఎగ్గొడతామా? కాయలు అమ్మగానే ఇస్తాం. వాళ్ళకిప్పుడు అంత తొందరేమొచ్చింది’ అన్నాడు.

నేను అరిచి ఉండాల్సింది. ఆయన కొట్టుకి వెళ్ళకముందే నోట్లు నేనే తీసుకుని మార్టూరు బస్సెక్కి ఉండాల్సింది. ఆ రెండూ చెయ్యలేదు. కాలేజీలో మళ్ళీ చేరిపోయి, జీతం అడ్వాన్స్ ఇమ్మని ఒకసారి అడిగి, లేదంటే ఊరుకున్నాను. వాడు ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తి రేపు, ఎల్లుండి అన్నాను. మూడోసారి నేను లేనని చెప్పించాను.

జూన్ మొదటివారంలో వాడే మా ఊరు వచ్చాడు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. నాన్న మంచం మీద కూర్చుని, ‘కూర్చో బాబూ’ అని చాలా మర్యాదగా మాట్లాడాడు. స్టోరేజీలో సరుకు గురించి, రేటు గురించి, వచ్చే నెలలో పెరగబోయే ఎగుమతుల గురించి చెప్పాడు. వాడు కూర్చోలేదు. అంతా విని నా వైపు చూశాడు. వాడి కళ్ళల్లోకి చూడలేక నేను గోడ వైపు చూశాను. వాడు నాన్నకి దణ్ణం పెట్టి బయల్దేరాడు. బస్సు దాకా వెంట వెళ్ళాను. ‘పదో తారీఖు, గుర్తుందిగా’ అన్నాడు, అంతే. పదో తారీఖు మంగళవారం. ఆ రోజు నేను పొద్దున ఆవర్తన పట్టిక చెప్పాను, మధ్యాహ్నం కూడా అదే చెప్పాను.

రేటు అక్టోబరులో వచ్చింది. బస్తాకి వంద రూపాయలు పెరిగింది, నాన్న మీసం మెలేశాడు, చూశావా ఆగితే ఎంత వచ్చిందో అని. ఇరవై ఒక్క వేలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. వడ్డీ కింద అయిదొందలు నేను కలిపాను. అయిదొందలు!

మార్టూరులో వాడి నాన్న పనిచేసే యూనిట్లోనే వాడు రాళ్ళ కొలతలు రాసే గుమాస్తాగా చేరాడు. నేను వెళ్ళేసరికి షెడ్డులో మిషన్ల రొద. రాళ్ళ మీంచి కారే తెల్లటి బురదనీళ్ళు కాలవ కట్టి రోడ్డు దాకా పారుతున్నాయి. వాడు కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. కవరు ఇస్తే లెక్కపెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెల్లెలెలా ఉందని అడిగాను. చిలకలూరిపేట వైపు స్పిన్నింగు మిల్లులో చేరింది, మిల్లు బస్సు వచ్చి తీసుకెళ్తుంది అన్నాడు. వచ్చే ఏడాది సీటుకి మళ్ళీ ప్రయత్నించొచ్చుగా అన్నాను. నాన్న సంబంధాలు చూస్తున్నాడు అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. నా తప్పు లేదని కాకపోయినా, తప్పు ఆ నోట్లదని వాడి నోటివెంట అనిపించుకోవాలనిపించింది.

‘ఆ ముదనష్టపు బొట్లు లేకపోతే, ఆ రోజు నాంపెన్‌లో నా నోట్లు మారుంటే, ఇదంతా ఉండేది కాదురా’ అన్నాను.

వాడు చంకలోంచి కొలతల పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

‘ఎనభై ఇస్తానంది కదరా’ అన్నాడు.

మిషన్ల రొదలో నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. వాడు గొంతు పెంచకుండానే చెప్పాడు. ఆ కొట్టుకి ముందువైపు అంతా అద్దమే. మెట్ల మీంచి లేచి రెండడుగులు వేస్తే చాలు, కాలిక్యులేటర్ మీద అంకె కనిపించింది. ఆవిడ వేలు దాని మీద ఉంది. నేను నోటు వెనక్కి లాక్కోవడం కూడా కనిపించింది.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన చోట నాకు కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే కోపం. ‘మరి అప్పుడే అడగొచ్చుగా? ఇన్ని నెలలు నోరు మూసుకుని ఇప్పుడంటావేంటి?’ అని అరిచాను.

‘మా నాన్న పుట్టినకాడ్నుంచీ తనకి రావలసింది మీలాంటోళ్ళని అడుక్కునే తీసుకున్నాడ్రా’ అన్నాడు. ‘నీ దగ్గర కూడా అడుక్కోవాలా అనుకున్నా. నువ్వే చెబుతావని చూశా.’

లోపలినుంచి ఎవరో కేకేశారు. వాడు కొలతల పుస్తకం తెరుచుకుంటూ షెడ్డులోకి వెళ్ళిపోయాడు. నేను రోడ్డు మీదికి వచ్చి గుంటూరు బస్సెక్కాను. అద్దంకి అవతల ఎవరికో ఇచ్చి ఆ అమ్మాయికి పెళ్ళి చేశారని మూడేళ్ళ తర్వాత తెలిసింది. పెళ్ళయ్యాక కూడా మిల్లుకే వెళ్తోందట.